పాత సీఆర్ఓ పోయింది, మళ్లీ సీఆర్ఓయే కావాలి: ఎలా ఎంచుకోవాలి

చాలా ఏళ్లు నా బల్ల మీద నమ్మకంగా పనిచేసిన 20 మెగాహెర్ట్జ్ సీఆర్ఓ (సిగ్నల్ ఆకారాన్ని గాజు ట్యూబు తెర మీద గీతగా చూపే అనలాగ్ ఆసిలోస్కోప్) ఒక రోజు పొద్దున స్విచ్ వేసిన పది నిమిషాలకు ప్రాణం వదిలింది. తెర మీద గీత కాస్త వణికింది, చిన్నదైంది, మాయమైంది. వెనక జాలీలోంచి వార్నిష్ కాలిన వాసన. తెలిసినవాళ్లను అడిగితే అందరిదీ ఒకటే మాట: "ఈ రోజుల్లో డబ్బా సీఆర్ఓ ఏంటండీ, డీఎస్ఓ కొనేయండి." చాలామందికి డీఎస్ఓ, అంటే సిగ్నల్‌ని శాంపిళ్లుగా తీసి మెమరీలో దాచి చూపే డిజిటల్ స్కోప్, మంచి సలహానే. నా పనికి మాత్రం కుదరలేదు. మీ పనికి కుదురుతుందో లేదో తేల్చుకోవడం ఎలా, కుదరదనుకుంటే ఈ కాలంలో పనికొచ్చే అనలాగ్ సీఆర్ఓని వెతికి పట్టుకోవడం ఎలా అన్నది ఇక్కడ వరసగా చెబుతాను.

ఒక్క సంగతి మొదట్లోనే మనసులో పెట్టుకోండి. ఇప్పుడు మీరు కొనబోయేది దాదాపుగా సెకండ్ హ్యాండ్‌దే అయి ఉంటుంది. దానికి కొత్త ట్యూబు (ముందు వైపు తెర ఉండే ఆ గాజు పిక్చర్ ట్యూబు) ఎక్కడా దొరకదు. కెపాసిటర్ పోతే మారుస్తాం, ట్రాన్సిస్టర్ పోతే సమానమైనది వెతుకుతాం, ట్యూబు పోతే ఆ డబ్బా కథ అయిపోయినట్టే. కాబట్టి బ్రాండు, మెగాహెర్ట్జ్, నాబ్‌ల సంఖ్య అన్నీ ట్యూబు తర్వాతే.

ముందు పాతదాన్నే ఒకసారి విప్పి చూడండి

కొత్తదాని వేటకు బయల్దేరే ముందు పోయినదానికి నిజంగా పోయే కాలం వచ్చిందా అని చూడాలి. నా అనుభవంలో చచ్చిపోయాయనుకున్న సీఆర్ఓల్లో చాలావాటికి జబ్బు పవర్ సప్లైలోనే ఉంటుంది. ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, షార్ట్ అయిన టాంటలమ్ కెపాసిటర్లు, పగుళ్లు పట్టిన సోల్డరింగ్, తుప్పు పట్టిన ఫ్యూజ్ హోల్డర్. ఒక చానెల్ మాత్రమే పోతే ఇన్‌పుట్‌లో ఉన్న ఎఫ్ఈటీ (ఒక రకం ట్రాన్సిస్టర్) పోయిందేమో చూడండి, ఎవరో ప్రోబ్‌ని (కొలిచే చోట మొన పెట్టే వైరు) కరెంటు సాకెట్‌లో పెట్టి ఉంటారు. నాబ్ తిప్పినప్పుడల్లా గీత ఎగిరిపడుతుంటే అది మురికి, జబ్బు కాదు.

విప్పేముందు జాగ్రత్త. మామూలు 20 మెగాహెర్ట్జ్ సీఆర్ఓలో కూడా ట్యూబు దగ్గర సుమారు రెండు వేల వోల్టులుంటాయి. వంద మెగాహెర్ట్జ్ వాటిలో పది వేలు దాటుతాయి. ప్లగ్ పీకేసినా కాసేపు అది లోపలే దాగి ఉంటుంది. డిశ్చార్జ్ చేయడం అలవాటు లేకపోతే టీవీ ట్యూబులతో పనిచేసిన పాత మెకానిక్ ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి.

నాది ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయింది. రీవైండింగ్ చేయిద్దామనుకున్నాను గానీ అది మామూలు ట్రాన్స్‌ఫార్మర్ కాదు. ట్యూబు హీటర్‌కి వెళ్లే 6.3 వోల్టుల వైండింగ్, క్యాథోడ్‌తో పాటు మైనస్ రెండు వేల వోల్టుల దగ్గర కూర్చుని ఉంటుంది. మోటారు వైండింగ్ చేసే కుర్రాడికి ఆ సంగతి చెబితే, "అంత ఇన్సులేషన్ మనవల్ల కాదన్నా" అని దండం పెట్టాడు. నిజాయితీ గల మనిషి.

మీ బల్ల మీదకు ఏం వస్తాయో రాసుకోండి

ఒక కాగితం తీసుకుని గత ఏడాదిలో మీరు ప్రోబ్ పెట్టిన పనులన్నీ రాయండి. యాంప్లిఫయర్లు, ఎస్ఎంపీఎస్‌లు (స్విచింగ్ పవర్ సప్లైలు), ఇన్వర్టర్ బోర్డులు, ఆర్డునో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు), మైక్రోకంట్రోలర్ కమ్యూనికేషన్, ఇండక్షన్ స్టవ్‌లు, ఏవైతే అవి. రాబోయే ఏడాదిలో కొత్తగా చేయబోయేవి కూడా. మనం డీఎస్ఓ కొనాలా సీఆర్ఓ కొనాలా అన్నది ఆ కాగితమే చెబుతుంది.

ఆ జాబితాలో ఐ2సీ, ఎస్‌పీఐ లాంటి చిప్‌ల మధ్య నడిచే సీరియల్ డేటా, ఒక్కసారే వచ్చి పోయే పల్సు, స్విచ్ వేసిన క్షణంలో సప్లై వోల్టేజ్ ఎలా ఎక్కుతుందో చూడడం లాంటివి సగం కన్నా ఎక్కువుంటే ఈ వ్యాసం ఇక్కడే మూసేసి డీఎస్ఓ కొనుక్కోండి. సీఆర్ఓలో సిగ్నల్ మళ్లీ మళ్లీ వస్తేనే బొమ్మ నిలుస్తుంది. ఒక్కసారి వచ్చి పోయేది కంటికి మెరుపులా కనబడి పోతుంది. సెకనుకోసారి వచ్చే సిగ్నల్ అయితే గీత బదులు ఒక చుక్క నత్తలా పాకుతూ కనిపిస్తుంది. తెరను సేవ్ చేసి వాట్సాప్‌లో పంపడమూ కుదరదు, ఫోనుతో ఫొటో తీసుకోవాల్సిందే.

మరి అనలాగ్ ఎందుకు? నా కారణాలు మూడు.

మొదటిది, అది అబద్ధం చెప్పదు. చవక డీఎస్ఓ డబ్బా మీద "సెకనుకు వంద కోట్ల శాంపిళ్లు" అని రాసి ఉంటుంది. నిజమే, కానీ అది టైమ్‌బేస్ (తెర మీద ఒక్కో గడికి ఎంత సమయం అన్న సెట్టింగ్) వేగంగా ఉన్నప్పుడు మాత్రమే. దాని మెమరీ పది వేల పాయింట్లే అనుకోండి. మీరు టైమ్‌బేస్‌ని గడికి ఒక మిల్లీసెకను పెట్టారు. తెరకు పది గళ్లు, అంటే మొత్తం పది మిల్లీసెకన్లు. పది మిల్లీసెకన్లలో పది వేల పాయింట్లంటే సెకనుకు పది లక్షల శాంపిళ్లే. ఇప్పుడు 1.001 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఇవ్వండి. ఒక్కో శాంపిలూ తర్వాతి సైకిల్‌లో ఇంచుమించు అదే చోట, కొంచెం జరిగి పడుతుంది. ఆ చుక్కలన్నీ కలిపితే తెర మీద ముచ్చటైన ఒక కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ కనబడుతుంది. అసలు లేనే లేని సిగ్నల్ అది! దీన్నే ఎలియాసింగ్ అంటారు. అదే టైమ్‌బేస్‌లో సీఆర్ఓ అయితే తెర మీద నిండుగా ఒక మెరిసే పట్టీ చూపిస్తుంది. "ఇక్కడేదో చాలా వేగంగా ఉంది, నాబ్ తిప్పు" అని చెప్పినట్టే. ఎక్కువ మెమరీ ఉన్న డీఎస్ఓలలో ఈ బాధ బాగా తగ్గిపోయింది. అయినా ఆటోసెట్ బటన్ నొక్కడం అలవాటైన కుర్రాళ్లు ఈ గోతిలో పడడం ఇప్పటికీ చూస్తుంటాను.

రెండోది, వెలుగులో తేడా. సిగ్నల్ ఎక్కువసేపు ఉండే చోట గీత మెరుస్తుంది, అరుదుగా వెళ్లే చోట మసగ్గా ఉంటుంది. ఆడియో యాంప్లిఫయర్‌లో సైన్ వేవ్ మీద సన్నటి నూగులాగా కనిపించే ఆసిలేషన్‌ని కన్ను ఇట్టే పట్టేస్తుంది. మామూలు డీఎస్ఓలో ఎనిమిది బిట్లే, అంటే పై నుంచి కిందికి 256 మెట్లు, గీత కాస్త లావుగా వస్తుంది. 2023లో వచ్చిన రైగల్ డీహెచ్ఓ800 లాంటి 12 బిట్ల డీఎస్ఓలలో 4096 మెట్లు ఉంటాయి కాబట్టి ఈ పాయింటు మునుపటంత బలమైనది కాదని నేనే ఒప్పుకుంటాను.

మూడోది ఎక్స్-వై, అంటే ఒక చానెల్ చుక్కను అడ్డంగా, ఇంకోటి నిలువుగా కదిపే మోడ్. నా పనిలో దీనికే పెద్ద పీట. 6.3 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్, ఒక రెసిస్టర్, సీఆర్ఓ ఎక్స్-వై మోడ్ ఉంటే చాలు, కరెంటు తీసేసిన బోర్డులో ఒక్కో భాగాన్నీ పరీక్షించవచ్చు. రెసిస్టర్ అయితే వాలుగా ఒక గీత, కెపాసిటర్ అయితే కోడిగుడ్డు ఆకారం, డయోడ్ అయితే మోచేయిలా వంగిన గీత. బాగున్న బోర్డు ఒకటి, పోయిన బోర్డు ఒకటి పక్కపక్కన పెట్టుకుని ఒకే చోట ప్రోబ్ పెట్టి ఆకారాలు పోల్చుకుంటూ పోతే సర్క్యూట్ డయాగ్రం లేకపోయినా తప్పు దొరుకుతుంది. హామెగ్ లాంటి కంపెనీలు ఈ కాంపోనెంట్ టెస్టర్‌ని సీఆర్ఓ ముందు ప్యానెల్‌లోనే పెట్టి అమ్మాయి. డీఎస్ఓలలోనూ ఎక్స్-వై ఉంటుంది గానీ చవకవాటిలో చుక్కలు చుక్కలుగా, ఆలస్యంగా వస్తుంది. ప్రోబ్ కదిపిన మరుక్షణం ఆకారం మారాలి, అప్పుడే చేతికీ కంటికీ లంకె కుదురుతుంది.

ఎన్ని మెగాహెర్ట్జ్ కావాలి

ఇక్కడే చాలామంది అనవసరంగా డబ్బు పోసేస్తారు, లేదా తక్కువ కొని తర్వాత బాధపడతారు. సీఆర్ఓ మీద రాసి ఉండే ఈ మెగాహెర్ట్జ్ దాని బ్యాండ్‌విడ్త్. బ్యాండ్‌విడ్త్ 20 మెగాహెర్ట్జ్ అంటే 20 మెగాహెర్ట్జ్ దాకా సరిగ్గా చూపిస్తుందని కాదు. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర సైన్ వేవ్ ఎత్తు అప్పటికే సుమారు 30 శాతం పడిపోయి ఉంటుంది. ఎత్తు నమ్మకంగా కొలవాలంటే మీ సిగ్నల్‌కి మూడు నుంచి ఐదు రెట్లు బ్యాండ్‌విడ్త్ ఉండాలి.

స్క్వేర్ వేవ్‌లు చూసేవాళ్లు రైజ్ టైమ్ (అంచు కింది నుంచి పైకి ఎగిసే సమయం) లెక్క వేసుకోండి. 0.35ని బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే సీఆర్ఓ సొంత రైజ్ టైమ్ వస్తుంది. 20 మెగాహెర్ట్జ్‌కి 17.5 నానోసెకన్లు, 100 మెగాహెర్ట్జ్‌కి 3.5. మీ సర్క్యూట్‌లో నిజంగా 10 నానోసెకన్లలో ఎగిసే అంచు ఉందనుకోండి. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే తెర మీద కనబడేది వస్తుంది. 20 మెగాహెర్ట్జ్ సీఆర్ఓలో అది ఇంచుమించు 20 నానోసెకన్లుగా, అంటే రెట్టింపుగా కనిపిస్తుంది. 100 మెగాహెర్ట్జ్‌లో 10.6.

ఆచరణలో చెప్పాలంటే, ఆడియో, ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు, వంద కిలోహెర్ట్జ్ లోపు ఎస్ఎంపీఎస్‌లు మాత్రమే అయితే 20 మెగాహెర్ట్జ్ శుభ్రంగా సరిపోతుంది. ఆర్డునో మీది 16 మెగాహెర్ట్జ్ క్లాక్ చూడాలంటే 20 మెగాహెర్ట్జ్‌లో స్క్వేర్ వేవ్ కాస్తా సైన్ వేవ్‌లా కనబడి మోసం చేస్తుంది. దానికి 60 అయినా, వీలైతే 100 తీసుకోండి. 300, 400 వెంట పడకండి, ఎందుకో కింద చెబుతాను.

రెండు చానెళ్లు తప్పనిసరి. ఒక చానెల్‌ది ఎంత చవగ్గా వచ్చినా వద్దు. డిలేడ్ స్వీప్ (సిగ్నల్‌లో ఒక ముక్కను సాగదీసి చూపేది) ఉంటే మంచిదే, లేకపోయినా బతకొచ్చు. ట్రిగ్గర్‌కి (గీత సిగ్నల్‌లో ఏ చోట మొదలవ్వాలో తేల్చే భాగం) హోల్డ్-ఆఫ్ నాబ్, అంటే ఒక గీత అయ్యాక తర్వాతిది మొదలయ్యే ముందు ఎంత ఆగాలో మార్చేది, ఉంటే మాత్రం ఓ మార్కు ఎక్కువ వేయండి.

ఎక్కడ వెతకాలి, ఏవి దొరుకుతాయి

మన దగ్గర అన్నిటికన్నా మంచి గని ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల ల్యాబులు. కాలేజీలు డీఎస్ఓలకు మారినప్పుడో, మూతపడినప్పుడో పాత సీఆర్ఓలు లాటుగా వేలానికి వస్తాయి. అలా వచ్చిన సరుకు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ చుట్టుపక్కల దుకాణాల్లో అడిగితే ఆచూకీ తెలుస్తుంది. చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు కూడా అలాంటివే. దొరికేవి ఎక్కువగా ఇండోర్ సైంటిఫిక్, ఆప్లాబ్, అహ్మదాబాద్ సిస్ట్రానిక్స్ వాళ్ల 20, 30 మెగాహెర్ట్జ్‌వి. అప్పుడప్పుడూ తైవాన్ జీడబ్ల్యూ ఇన్‌స్టెక్ జీఓఎస్-620, హిటాచీ వీ-212. ల్యాబ్ సీఆర్ఓలకు ఒక విచిత్రమైన గుణం ఉంది. విద్యార్థులు నాబ్‌లను కసిగా తిప్పి స్విచ్‌లు అరగదీసి ఉంటారు, కానీ వారానికి మూడు గంటలే వాడి ఉంటారు కాబట్టి ట్యూబు పచ్చగా ఉంటుంది. స్విచ్ బాగుచేసుకోవచ్చు. అందుకే నాకు ల్యాబ్ సరుకంటే ఇష్టం. సర్వీస్ సెంటర్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా వెలిగి వచ్చినదానికి నాబ్‌లు మెత్తగా తిరుగుతాయి, ట్యూబు ముసలిదై ఉంటుంది.

ఇక టెక్‌ట్రానిక్స్. అమెరికాలోని ఓరెగన్‌లో 1946లో పుట్టిన కంపెనీ. 1972లో వచ్చిన వాళ్ల 465 మోడల్ 100 మెగాహెర్ట్జ్‌ది, ఇప్పటికీ దానికి అభిమానులున్నారు. సర్వీస్ మాన్యువల్‌లో సర్క్యూట్ మొత్తం, ఏ పాయింటు దగ్గర ఎంత వోల్టేజ్ ఉండాలో, ఏ భాగం ఎలా పనిచేస్తుందో పాఠంలా రాసి ఉంటుంది. నేర్చుకునేవాడికి ఆ మాన్యువల్ ఒక్కటే చాలు. దాని బలహీనత టాంటలమ్ కెపాసిటర్లు, షార్ట్ అయి సప్లైని కిందికి లాగేస్తాయి. అది మనం బాగుచేసుకోగలిగే జబ్బు. తర్వాత వచ్చిన 2200 సిరీస్ తేలికైనవి, ఇంట్లో వాడకానికి హాయిగా ఉంటాయి.

మరి 300 మెగాహెర్ట్జ్ 2465, 400 మెగాహెర్ట్జ్ 2465బి? చూస్తే మనసు లాగేస్తుంది. తెర మీదే అంకెలు, నాలుగు చానెళ్లు. కానీ వాటిలో కీలకమైన చిప్‌లు టెక్‌ట్రానిక్స్ సొంతంగా చేసుకున్నవి. హారిజాంటల్ అవుట్‌పుట్ చిప్ వేడెక్కి పోయిందంటే, ఇంకో 2465ని చంపి దాన్నుంచి తీయాల్సిందే. 2465బిలో అయితే కాలిబ్రేషన్ అంకెలన్నీ బ్యాటరీ ఉన్న మెమరీ చిప్‌లో ఉంటాయి. ఆ బ్యాటరీ అయిపోయిన రోజు సీఆర్ఓకి మతిమరుపు వచ్చినట్టే, మళ్లీ కాలిబ్రేట్ చేయాలంటే మన దగ్గర లేని పరికరాలు కావాలి. మొదటి కొనుగోలుకు దీని జోలికి పోవద్దని నా మాట.

అమెరికాలో ఉండే మనవాళ్లతో తెప్పించుకోవాలనుకునేవారికి ఒక మాట. 465 బరువు పది కిలోలు దాటుతుంది, పెట్టెలో సగం అదే తినేస్తుంది. వెనక వోల్టేజ్ సెలెక్టర్ 115 దగ్గర ఉంటుంది, దాన్ని 230కి మార్చి ఫ్యూజ్ కూడా తగ్గట్టు మార్చాకే ప్లగ్ పెట్టండి. ఈ ఒక్క తొందరపాటు సముద్రం దాటి వచ్చిన సీఆర్ఓని ఒక్క సెకనులో మసి చేస్తుంది.

ఫొటో చూసి కొనకండి

ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం. ఒకసారి ఆన్‌లైన్‌లో ప్రకటన చూశాను. ఫొటోలో గీత పచ్చగా, కత్తిలా మెరుస్తోంది. బేరం కుదిరింది, కొరియర్‌లో వచ్చింది. పగలు ఆన్ చేస్తే తెర ఖాళీ. పోయిందనుకుని దిగులుపడ్డాను. రాత్రి లైటు ఆర్పి చూస్తే, ఇంటెన్సిటీ చివరికంటా తిప్పితే, మిణుగురులాగా ఒక గీత. అమ్మినవాళ్లు చీకటి గదిలో ఫోను నైట్ మోడ్‌లో ఫొటో తీశారు. అది రెండు మూడు సెకన్ల వెలుగునంతా పోగుచేసి చూపిస్తుంది కాబట్టి చచ్చిన ట్యూబు కూడా పెళ్లికూతురులా కనబడుతుంది. దూరం నుంచి కొనక తప్పకపోతే పగటి వెలుగులో, ఇంటెన్సిటీ నాబ్ ఎక్కడుందో కనబడేలా, నాబ్‌లు తిప్పుతూ వీడియో కాల్‌లో చూపించమనండి. తప్పించుకుంటే వదిలేయండి.

దుకాణంలో అరగంట

వెళ్లేటప్పుడు సంచిలో ఇవి పెట్టుకోండి: మీ సొంత 10ఎక్స్ (సిగ్నల్‌ని పదో వంతుకు తగ్గించే) ప్రోబ్‌లు రెండు, ప్రోబ్ ట్రిమ్మర్ తిప్పే ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్, ఒక టార్చి, మల్టీమీటర్. దుకాణదారు ప్రోబ్‌ని నమ్మితే ప్రోబ్ తప్పును సీఆర్ఓ మీద వేస్తారు.

ప్లగ్ పెట్టకముందే జాలీలోంచి టార్చి వేసి చూడండి, వాసన చూడండి. ఎర్త్ పిన్ ఉందా? మల్టీమీటర్‌తో ఎర్త్ పిన్‌కీ బీఎన్‌సీ (ప్రోబ్ తగిలించే సాకెట్) బయటి లోహానికీ మధ్య కంటిన్యుటీ రావాలి. రాకపోతే ఎవరో లోపల ఎర్త్ తీసేశారన్నమాట. తెరను పక్క నుంచి చూడండి, ఎప్పుడూ ఒకే చోట గీత పెట్టి వదిలేసిన ట్యూబుకి మధ్యలో గోధుమరంగు మచ్చ ఉంటుంది. సన్నటి మచ్చ పరవాలేదు, బేరానికి పనికొస్తుంది.

ఇంటెన్సిటీ తగ్గించి, ట్రిగ్గర్ ఆటోలో పెట్టి, రెండు చానెళ్లూ గ్రౌండ్‌లో పెట్టి ఆన్ చేయండి. అర నిమిషంలో గీత రావాలి. రాకపోతే పొజిషన్ నాబ్‌లు మధ్యకు తెచ్చి చూడండి. కదలని చుక్క వస్తే వెంటనే వెలుగు తగ్గించాలి, లేకపోతే ఫాస్ఫర్ (తెర లోపలి మెరిసే పూత) అక్కడికక్కడే కాలుతుంది. గీత వచ్చాక ఫోకస్ తిప్పితే రెండు చివర్లా, మధ్యలో ఒకేలా సన్నబడాలి. మామూలు దుకాణం వెలుతురులో నాబ్ సగం తిరిగేసరికి గీత బాగా కనబడితే ట్యూబు బాగున్నట్టే. నాబ్ చివరికంటా తిప్పితే గానీ కనబడకపోతే థాంక్స్ చెప్పి బయటికి రండి. మిగతా పరీక్షలతో పని లేదు.

ఇప్పుడు ముందు ప్యానెల్ మీది కాలిబ్రేషన్ పిన్‌కి (సీఆర్ఓ తానే ఇచ్చే పరీక్ష స్క్వేర్ వేవ్ ఇక్కడ వస్తుంది) ప్రోబ్ తగిలించండి. చాలావాటిలో అది ఒక కిలోహెర్ట్జ్, ఎత్తు దాని పక్కనే రాసి ఉంటుంది. జీఓఎస్-620లో రెండు వోల్టులు. 10ఎక్స్ ప్రోబ్‌తో అది 0.2 వోల్ట్ అవుతుంది, గడికి 50 మిల్లీవోల్టుల దగ్గర సరిగ్గా నాలుగు గళ్లు. టైమ్‌బేస్ 0.2 మిల్లీసెకన్లు పెడితే ఒక సైకిల్ ఐదు గళ్లు, రెండు సైకిళ్లు తెర నిండా. ఇలా రాకపోతే గాభరా పడకముందు చిన్న వేరియబుల్ నాబ్‌లు కాల్ (CAL అని రాసిన చోటు) దగ్గర క్లిక్ అయి ఉన్నాయేమో చూడండి. పదిసార్లలో ఏడుసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

అదే బొమ్మ పెట్టి ఇంటెన్సిటీని మెల్లగా పెంచండి. వెలుగు పెరగాలి గానీ బొమ్మ పెద్దదవ్వకూడదు. పెద్దదవుతుంటే హై వోల్టేజ్ సప్లై బరువు మోయలేక కుంగుతోందని అర్థం. వోల్టేజ్ తగ్గితే ఎలక్ట్రాన్లు నెమ్మదిస్తాయి, ప్లేట్లు వాటిని ఎక్కువ వంచుతాయి, బొమ్మ ఉబ్బుతుంది. ఇది చాలామంది చూడని పరీక్ష.

తర్వాత వోల్ట్స్ నాబ్‌ని ఒక్కో మెట్టూ తిప్పండి, రెండు చానెళ్లకీ. టైమ్‌బేస్ కూడా మొదటి నుంచి చివరికంటా. మధ్యలో గరగరలు, ఎగుళ్లు వస్తే నాలుగైదుసార్లు గట్టిగా తిప్పండి. తగ్గితే మురికి, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. ఒకే మెట్టు దగ్గర ఎప్పుడూ గీత మాయమైతే స్విచ్ విరిగి ఉంటుంది. టైమ్‌బేస్‌ని వేగం పెంచుతూ పోతే గీత మసకబారడం మామూలే, రెండు వేల వోల్టుల ట్యూబు నుంచి అంతకన్నా ఆశించకూడదు.

నాకు బాగా నచ్చిన పరీక్ష ఇది. రెండు ప్రోబ్‌లనూ ఒకే కాలిబ్రేషన్ పిన్‌కి తగిలించి, రెండు చానెళ్లూ ఒకే మెట్టులో పెట్టి, చానెల్ 2ని ఇన్వర్ట్ చేసి (తలకిందులు చేసి), రెండు చానెళ్లనూ కూడే ఆడ్ (ADD) మోడ్‌లో చూడండి. రెండూ సరిసమానంగా ఉంటే ఒకటి ఇంకోదాన్ని కొట్టేసి తిన్నని గీత మిగలాలి. మిగిలిపోయిన మెట్టు ఎంత ఉంటే రెండు చానెళ్ల మధ్య తేడా అంత. అంచుల దగ్గర చిన్న ముళ్లు కనబడితే అది ప్రోబ్‌ల కాంపెన్సేషన్ తేడా, సీఆర్ఓది కాదు. ఒక్క దెబ్బకు రెండు చానెళ్లు, ఇన్వర్ట్, ఆడ్ నాలుగూ పరీక్ష అయిపోయాయి. అలాగే ఎక్స్-వైలో పెడితే తెర మీద మూలకు మూలగా రెండు చుక్కలు, మధ్య మసకగా గీత రావాలి.

ట్రిగ్గర్‌కి వేరే పరికరం అక్కర్లేదు, మీ వేలు చాలు. ప్రోబ్ మొనను వేలితో ముట్టుకోండి. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ గుంయ్‌మంటూ తెర మీదకొస్తుంది. గడికి ఐదు మిల్లీసెకన్లు పెడితే ఒక్కో సైకిల్ నాలుగు గళ్లు. ట్రిగ్గర్ సోర్స్ లైన్‌లో పెడితే బొమ్మ కదలకుండా నిలబడాలి. లెవెల్, స్లోప్ తిప్పితే మొదలయ్యే చోటు మారాలి.

ఇవన్నీ అయ్యాక ఆపేయమని చెప్పకండి. ఆన్‌లోనే ఉంచి పక్కన ఓ ఛాయ్ తాగి రండి. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండి, వేడెక్కాక గీత జారిపోయేవి, ఒక చానెల్ మాయమయ్యేవి ఎన్నో చూశాను. నాదీ పదో నిమిషంలోనే కదా పోయింది.

బేరం

ట్యూబు బాగుంటే స్విచ్ మురికిని, విరిగిన నాబ్‌ని, మచ్చని చూపించి తగ్గించమనండి. నా లెక్క ఏమిటంటే, కొత్త ఎంట్రీ లెవెల్ డీఎస్ఓ ధరలో మూడో వంతు దాటితే 20 మెగాహెర్ట్జ్ సీఆర్ఓ నాకొద్దు. మంచి కండిషన్‌లో ఉన్న వంద మెగాహెర్ట్జ్‌దైతే సగం దాకా ఆలోచిస్తాను. లాటులో రెండు దొరికితే, ఒకటి పనిచేసేది, ఇంకోటి చచ్చినది అయినా సరే, రెండూ తీసుకోండి.

ఇంటికి తెచ్చాక

బండి వెనక కట్టి తేవద్దు. ట్యూబు మెడ సన్నటి గాజు, ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు. ఆటోలో ఒళ్లో పెట్టుకోండి, కారైతే వెనక సీట్లో దిండు వేసి పెట్టండి.

ఎన్నాళ్లో మూలన పడి ఉన్నదైతే మొదటిసారి సిరీస్ ల్యాంప్ (కరెంటు వచ్చే దారిలో వరసగా ఒక బల్బు) పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. ఇది మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవాటికే, 2465 లాంటి స్విచింగ్ సప్లై ఉన్నవి సిరీస్ బల్బుతో సరిగ్గా లేవవు. తర్వాత ప్రోబ్‌ని కాలిబ్రేషన్ పిన్‌కి పెట్టి, స్క్వేర్ వేవ్ మూలలు గుండ్రంగానూ కాకుండా, కొమ్ములు మొలిచినట్టూ కాకుండా చదునుగా వచ్చేదాకా ట్రిమ్మర్ తిప్పండి.

ఎర్త్ పిన్ మాత్రం ఎవరు చెప్పినా కోయకండి. ఎస్ఎంపీఎస్ ప్రైమరీ వైపు (మెయిన్స్‌తో నేరుగా కలిసి ఉండే వైపు) చూడాలంటే, ఎర్త్ ఉంటే గ్రౌండ్ క్లిప్ పెట్టగానే షార్ట్ అవుతుందని ఎర్త్ పీకేయడం మన రిపేర్ షాపుల్లో అలవాటైపోయింది. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ సీఆర్ఓ బాడీకే కలిసి ఉంటుంది. ఎర్త్ లేకుండా ఆ క్లిప్‌ని ప్రైమరీ గ్రౌండ్‌కి పెడితే సీఆర్ఓ డబ్బా, నాబ్ స్క్రూలు అన్నీ మెయిన్స్‌తో కలిసిపోతాయి, ముట్టుకుంటే షాకే. రిపేర్ చేసే బోర్డుని ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్స్‌తో నేరుగా లంకె లేకుండా కరెంటు ఇచ్చేది) మీద పెట్టండి. అది లేకపోతే రెండు ప్రోబ్‌ల గ్రౌండ్ క్లిప్‌లూ ఎక్కడా తగిలించకుండా, మొనలు రెండూ కొలవాల్సిన రెండు చోట్ల పెట్టి, దుకాణంలో చేసిన ఇన్వర్ట్-ఆడ్ పద్ధతే ఇక్కడా వాడండి. 230 వోల్టులు రెక్టిఫై అయ్యాక 325 వోల్టుల డీసీ అవుతుంది. గడికి ఐదు వోల్టుల మెట్టులో, 10ఎక్స్ ప్రోబ్‌తో ఎనిమిది గళ్లంటే 400 వోల్టులు, తెరలో పడుతుంది. ప్రోబ్ కూడా అంత తట్టుకునేదేనా అని దాని మీద రాసినది చదివి చూసుకోండి. 1ఎక్స్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

ఇక పోయిన పాతదాన్ని పాతసామాన్లవాడికి వేయకండి. కొత్తగా తెచ్చింది అదే మోడలైతే మీకు ఒక మంచి ట్యూబు, రెండు వోల్ట్స్ స్విచ్‌లు, డజను నాబ్‌లు ఉచితంగా ఉన్నట్టే. నాది ఇప్పుడు మంచం కింద అట్టపెట్టెలో ఉంది. దాని చానెల్ 1 స్విచ్ ఇప్పటికే కొత్తదాంట్లోకి వచ్చేసింది.